నాలుగు రోజులు ఊడవని వాకిలి

ప్రజల భాగస్వామ్యం అనే మాట ఎవరైనా మైకు ముందు అన్నారంటే నాకు ఒళ్లు మండుతుంది. రిటైరయ్యాక కోపం తగ్గుతుందని మా ఇంట్లోవాళ్లు ఆశపడ్డారు గానీ అలాంటిదేమీ జరగలేదు. ఈమధ్య నరసరావుపేటలో ఒక కాలేజీ వాళ్లు ఫోన్ చేసి, పర్యావరణ మోడలింగ్‌లో ప్రజల పాత్ర గురించి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మంచి మాటలు నా దగ్గర లేవు, జరిగిన సంగతి ఒకటుంది, అది చెబుతానన్నాను. ఏమనుకున్నారో, మళ్లీ ఫోన్ చేయలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఈ ఉద్యోగాల్లోకి వస్తున్నవాళ్లు చదివితే అదే చాలు.

నేను గాలిని కొలిచే ఆఫీసులో పనిచేశాను. గాలిని బాగుచేసే ఆఫీసు వేరే ఉందని సర్వీసంతా అనుకుంటూ గడిపాను. అది ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. చివరి పోస్టింగ్ పిడుగురాళ్ల వైపు పడింది. ఆ ఊరి సంగతి మీకు తెలియంది కాదు. తెల్ల చొక్కా వేసుకుని వెళ్తే బతికిపోతాం, నల్ల ప్యాంటు వేసుకుని వెళ్తే ఇంటికొచ్చేసరికి అదీ తెల్లబడుతుంది. చుట్టూ క్వారీలు, సున్నం బట్టీలు, రాత్రీ పగలూ లారీలు.

రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా ఒక ప్రాజెక్టు వచ్చింది. బట్టీల పక్కనున్న ఒక కాలనీలో పన్నెండు ఇళ్లకు పెట్టెలు తగిలించాలి. ఒక్కో పెట్టె టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. గాలిలో దుమ్ము ఎంతుందో ఐదు నిమిషాలకోసారి చూసి, లోపలున్న సిమ్ముతో ఆ అంకెను హైదరాబాదుకు పంపుతుంది. అక్కడ కంప్యూటరు ఆ అంకెలన్నీ పోగేసి, గాలి ఎటు వీచిందో, ఏ వేళకు ఏం జరిగిందో జతచేసి, దుమ్ము ఎక్కడి నుంచి వస్తోందో తేలుస్తుంది. దానికి మోడల్ అని పేరు. పెట్టెకు తెలియని సంగతులు, అంటే లారీలు ఎన్నింటికొచ్చాయి, పొగ ఎటు మళ్లింది లాంటివి, కాలనీ ఆడవాళ్లు రోజూ ఒక ఫారంలో రాయాలి. ఇదీ మా భాగస్వామ్యం.

కాలనీ వాళ్లు అడిగేది ఒక్కటే. బట్టీలకు రాయి, బొగ్గు తెచ్చే లారీలు తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఆరింటి దాకా వాళ్ల నడివీధిలోంచే పోతాయి. వెనకాల ఒక మట్టి డొంకదారి ఉంది. దాన్ని కాస్త వెడల్పు చేసి కంకర పోస్తే లారీలన్నీ అటు పోతాయి. దీనికోసం అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయారు. ప్రతిసారీ అధికారులది ఒకటే ప్రశ్న, ఆ దుమ్ము లారీలదేనని రుజువేంటని. ఆ రుజువు ఈ పెట్టెలు ఇస్తాయని వీధి మధ్యలో నిలబడి చెప్పింది నేనే.

ఫారాలు రాయడానికి ముందుకొచ్చినవాళ్లలో అంగన్‌వాడీలో పనిచేసే ఆయమ్మ ఒకామె. వీధంతా ఆమెను ఆయమ్మ అనే పిలిచేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. అంగన్‌వాడీ కూడా అదే వీధిలో, ఆమె ఇంటికి నాలుగిళ్ల అవతల. కొడుకూ కోడలూ పొద్దున్నే బట్టీ పనికి పోతే, నాలుగేళ్ల మనవరాలు ఈమె దగ్గరే. ఆ పిల్లకు ఆయాసం. ముద్ద ముద్దకూ ఆగి ఊపిరి తీసుకుంటూ అన్నం తినే పిల్లను నేను మొదటిసారి చూసింది ఆ ఇంట్లోనే. పెట్టెకు మేకు కొడుతుంటే ఆయమ్మ పక్కనే నిలబడి అడిగింది.

"ఈ డబ్బా పెడితే లారీలు అటు మళ్లిస్తారా సారూ?"

"ముందు లెక్క తేలాలి ఆయమ్మా."

"తేలితే మళ్లిస్తారా అంట?"

"తేలితే ఇక ఎవరూ కాదనలేరు."

ఆ మాట ఎందుకన్నానో. ముప్పై ఏళ్ల సర్వీసులో, తేలిన లెక్కను కాదన్నవాళ్లను నేనెంతమందిని చూడలేదు?

ఒక పెట్టెను వీధి మధ్యలో కరెంటు స్తంభానికి కట్టి, ఇళ్ల పెట్టెలన్నీ గుమ్మం పక్కనే తగిలించాం, ఎందుకంటే ప్లగ్గు అక్కడే ఉంది. పైకి, డాబా మీదికి వైరు లాగాలంటే మళ్లీ టెండరు, మళ్లీ సంతకాలు. గుమ్మం పక్కన పెడితే ఏమవుతుందో ఆ రోజు నాకు తట్టలేదు. ఎవరింట్లోనైనా తెల్లవారి లేస్తే ఆడవాళ్లు చేసే మొదటి పని ఏంటో మగవాడినైన నాకు తెలియకపోవడం ఒక ఎత్తు, రోజూ మా ఇంటి వాకిట్లో చూస్తూ కూడా తట్టకపోవడం ఇంకో ఎత్తు.

ఫారాలు వారానికోసారి నా టేబుల్ మీదికొచ్చేవి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించడం నా పని. ఫారంలో చివర "ఇతర వివరాలు" అని ఒక గడి ఉండేది. నిజం చెప్పాలంటే కాగితం అంచున చోటు మిగిలిందని పెట్టిన గడి అది. ఆడవాళ్లు మిగతా గడులన్నీ సగం సగం నింపి, ఈ ఒక్క గడి మాత్రం అంచులు దాటి రాసేవాళ్లు. ఊడ్చితిమి అని, రెండు చేటలు ఎత్తితిమి అని, నిన్నటి కంటే ఎక్కువ అని, లారీలు రాని ఆదివారం అర చేట అని. నాకు విసుగొచ్చేది. హైదరాబాదు వాళ్లిచ్చిన పట్టీలో మాటలు ఎక్కించడానికి చోటు లేదు, అంకెలకే ఉంది. ఇళ్లు ఊడ్చుకున్న సంగతి ప్రభుత్వానికెందుకని ఆ గడిని మొత్తం వదిలేశాను. ఒక్క వారం కాదు, ఐదు నెలలు.

మధ్యలో ఒకసారి మోడల్ తయారుచేసే అమ్మాయి స్వయంగా కాలనీ చూడ్డానికి వచ్చింది. పెద్ద చదువు చదివింది, పాతికేళ్లుంటాయేమో, మంచి పిల్ల. ఇక్కడి దుమ్ము ఎంత ఘోరంగా ఉంటుందో దారి పొడవునా ఆమెకు చెప్పుకుంటూ వచ్చాను. తీరా వీధిలో అడుగుపెడితే అద్దంలా మెరిసిపోతోంది. పెద్దోళ్లు వస్తున్నారని వీధంతా రెండుసార్లు ఊడ్చి, ట్యాంకరు తెప్పించి నీళ్లు కొట్టించి, గడప గడపకూ ముగ్గేశారు. ఆ అమ్మాయి నా వంక చూసింది.

"సార్, ఇక్కడ బాగానే ఉంది కదా?"

నేను ఆయమ్మ వంక చూశాను. "ఏంది సారూ అట్టా చూస్తన్నావు, సుట్టం వచ్చే ముందు ఇల్లు ఊడవరా ఎవరైనా?" అంది. అందరూ కలిసి నన్ను అబద్ధాలకోరును చేశారనుకున్నాను.

ఆరో నెలలో మండలాఫీసు హాల్లో, ఈ ప్రాజెక్టు సంగతి తేల్చే కమిటీ మీటింగు పెట్టారు. మా పై అధికారి, బట్టీల యజమానుల తరఫున ఒకాయన, కాలనీ నుంచి ఇరవై మంది ఆడవాళ్లు. తెర మీద మ్యాపు వేశారు. వీధి గీతలాగా ఉంది, దాని మీద అంగన్‌వాడీ ఒక నల్ల చుక్క, పిల్లలుండే సున్నితమైన చోటని దాన్నొక్కదాన్నే గుర్తు పెట్టారు. మోడల్ అమ్మాయి చాలా మర్యాదగా, పుల్లతో చూపిస్తూ చెప్పింది. దుమ్ము తెల్లవారుజామున ఐదు నుంచి ఆరున్నర మధ్య విపరీతంగా పెరుగుతోందట. లారీలు నాలుగింటికే మొదలైనా అప్పుడు అంత లేదట. పైగా గుమ్మం దగ్గర ఎక్కువ, వీధి మధ్యలోని స్తంభానికి కట్టిన పెట్టెలో తక్కువట. కాబట్టి ఇది ఇళ్లలో జరిగే పని వల్ల వస్తున్న దుమ్ము కావడానికే ఎక్కువ అవకాశమని చెప్పి ఊరుకుంది. ఆ ముక్క చాలు బట్టీల తరఫు ఆయనకు.

"అంటే అమ్మా, మీ చీపుర్లే! ఇన్నాళ్లూ మా లారీల మీద పడి ఏడ్చారు" అన్నాడు నవ్వుతూ. మా పై అధికారి కూడా నవ్వాడు. హాలు మొత్తం మీద నవ్వనివాళ్లు ఆ ఇరవై మందే.

ఆయమ్మ లేచింది. "ఊడిస్తే దుమ్ము లేస్తది, నిజమే. పడితేనే గదా ఊడ్చేది? మా ఇంట్లో ఏవన్నా సున్నం బట్టీ పెట్టుకున్నామా? ఎన్ని చేటలు ఎత్తామో రోజూ రాసిచ్చాం గదా, ఆ లెక్క ఏదీ?"

మోడల్ అమ్మాయి బిత్తరపోయి నా వైపు తిరిగింది. "ఏ లెక్క సార్? నాకు రాలేదే?"

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని రోజు ఏదంటే అదే. ఫారాలన్నీ నా బీరువాలో ఉన్నాయని, ఆ గడి నేనే వదిలేశానని అందరి ముందూ చెప్పాను. ఆయమ్మ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు మోడల్ అమ్మాయీ నేనూ ఆ ఫారాలన్నీ ముందేసుకుని కూర్చున్నాం. చేటల లెక్క ఆమెకు తెగ నచ్చింది గానీ, చేట కొలత కాదు కదా, కమిటీ ఒప్పుకోదు అంది. ఊడ్చే దుమ్మునీ లారీల దుమ్మునీ విడదీయాలంటే ఏడు రోజుల పాటు వీధిలో ఎవరూ ఊడవకుండా ఉండాలి, అప్పుడు పెట్టెలో కనిపించేదంతా లారీలదే అవుతుంది అంది. పెట్టెల్ని డాబా మీదికి మార్చేద్దామా అని అడిగాను. చోటు మారిస్తే పాత లెక్కతో పోల్చడానికి కుదరదు సార్ అంది. ఆమె చెప్పింది సబబుగానే ఉంది. కాలనీకి పోయి ఆ మాట చెప్పాల్సింది మాత్రం నేను.

వాకిలి ఊడవని ఇల్లంటే ఏమిటో మీకు చెప్పాలా? మన వైపు పొద్దెక్కినా వాకిలి ఊడవలేదంటే, ముగ్గు లేదంటే, ఆ ఇంట్లో ఎవరో పోయారని లెక్క. దారిన పోయేవాళ్లు ఆగి అడుగుతారు. వారం పాటు ఊడవొద్దని నేను చెప్పగానే ఒకావిడ నోరు నొక్కుకుంది. ఇంకొకావిడ, "మా అత్త బతికుండగానే నన్ను ఈ పని చేయమంటన్నావా సారూ, చంపుద్ది నన్ను" అంది. చివరికి ఆయమ్మే చొరవ తీసుకుంది. పన్నెండిళ్లలో ఐదిళ్లను ఎలాగో ఒప్పించింది. ఐదైనా పరవాలేదంది మోడల్ అమ్మాయి.

"ఏడు దినాలే గదా. ఆ తర్వాత లారీలు పోతయ్యి అంటన్నారు. ఓర్చుకుందాం" అని వాళ్లకు చెప్పడం నేను విన్నాను.

మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు. నేను రోజూ పొద్దున్నే వెళ్లి ఐదు వాకిళ్లూ చూసి వచ్చేవాణ్ణి. అంత మంది పెద్ద మనసుతో ఊడవకుండా ఉన్నారని నాకు ఎక్కడలేని సంతోషం. గడప మీద పిండి చల్లినట్టు తెల్లగా పేరుకుంటోంది. పక్క వీధి ముసలాయన ఒకడు వచ్చి, ఎవరు పోయారమ్మా అని నిజంగానే అడిగి వెళ్లాడట. అది ఆయమ్మ నవ్వుతూ చెప్పింది. నాలుగో రోజు ఆమె నవ్వలేదు. లోపలి నుంచి పిల్ల దగ్గు వినిపిస్తోంది. ఎలా ఉందని అడిగాను. "అట్టాగే ఉందిలే సారూ, ఇంకా మూడు దినాలేగా" అంది. నేను పెట్టె మీద పచ్చ లైటు వెలుగుతోందా లేదా చూసుకుని వచ్చేశాను.

ఐదో రోజు వెళ్లేసరికి ఆయమ్మ వాకిలి శుభ్రంగా ఊడ్చి ఉంది. తడి ఆరలేదు ఇంకా. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఆమె అప్పుడే ఎక్కడికో బయల్దేరుతున్నట్టు చేతిలో సంచీ, ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో కనిపించింది.

"ఏంటి ఆయమ్మా ఇది? ఇంకో మూడు రోజులు ఆగలేవా? నాలుగు రోజుల కష్టమూ పోయింది! ఏడు ఉండాలని ఎన్నిసార్లు చెప్పాను? ఇప్పుడు ఆ అమ్మాయికి ఏం మొహం చూపించను?" అని వీధంతా వినేటట్టు అరిచాను.

ఆమె సంచీ కింద పెట్టింది. "పిల్లని రాత్రి నరసరావుపేట ఆసుపత్రిలో చేర్పిచ్చాం సారూ. ఊపిరి ఆడలా. గొట్టం పెట్టారు. ఇంట్లో దుమ్ము లేకుండా చూసుకోమన్నాడు డాక్టరు. అందుకే ఊడ్చా" అంది.

నేనేమన్నానో గుర్తు లేదు. ఏదో అనే ఉంటాను. క్షమించమని మాత్రం అనలేదు, ఆ సంగతి గుర్తుంది. ఆమెను నా బండి మీదే బస్టాండు దాకా దించాను. దారిలో, నా వెనక కూర్చుని, మామూలు గొంతుతో అడిగింది.

"సారూ, ఒకటి అడుగుతా, ఏవనుకోవద్దు. లారీలు ఆరింటికల్లా అయిపోతయ్యి గదా. ఊడవటం మానమనే బదులు, తొమ్మిదింటికి ఊడ్చుకోమంటే సరిపోయేది గదా? దేని దుమ్ము దానికి వేరుగా కనపడేది. తొమ్మిదింటికి ఊడిస్తే తప్పేంది, ఆలస్యంగా లేచామనుకుంటారు జనం, అంతేగా."

బండి ఆపేశాను. పెద్ద చదువు చదివిన అమ్మాయికి, ముప్పై ఏళ్లు కొలిచిన నాకు, మా ఇద్దరి మీదా ఉన్న అధికారికి ఎవరికీ తట్టని మాట అది. మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు అడగలా. ఊడవొద్దన్నారు, మానుకున్నాం" అంది.

ఈ ముక్క కోసమే ఇదంతా రాస్తున్నానేమో. మేము వాళ్లతో రాయించాం, వారం రోజులు చీపురు పట్టుకోవద్దన్నాం. ఎలా చేస్తే బాగుంటుందని ఒక్కసారైనా అడగలేదు. అడిగి ఉంటే ఆ పిల్ల ఆసుపత్రికి పోవాల్సిన పని ఉండేది కాదు. దానికి భాగస్వామ్యం అని పేరు పెట్టి బ్యానరు కూడా కట్టించాం.

పిల్ల ఆరు రోజులకు ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఆయమ్మ చెప్పినట్టే చేశాం. పనికి పోయే ఇళ్లవాళ్ల వాకిళ్లు కూడా తొమ్మిది దాటాక, అంగన్‌వాడీ నుంచి కాసేపు వచ్చి ఆమె, ఇంకో ముసలామె కలిసి ఊడ్చారు. పెట్టె గీసిన గీతలో రెండు కొండలు విడివిడిగా లేచాయి. తొమ్మిదింటికి చిన్నది, లారీలు వరసకట్టే ఐదు ఆరు మధ్య పెద్దది. మోడల్ అమ్మాయి ఫోనులో ఎగిరి గంతేసినంత పని చేసింది. చేటల లెక్కను కూడా లోపలికి తీసుకుంది, లారీలు రాని ఆదివారాలతో సరిగ్గా సరిపోయిందట. ఇక ఎవరూ కాదనలేరు సార్ అంది. పాపం, నేనన్న మాటే తనూ అంది.

కమిటీ మళ్లీ కూర్చుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. దుమ్ము లారీలదేనని ఒప్పుకున్నారు. మ్యాపు మీద లారీల దారంతా ఎర్రగా ఉంది, ఆ ఎరుపు మధ్యలో అంగన్‌వాడీ చుక్క ఉంది. చాలాసేపు దాని వంకే చూశారు. చిన్నపిల్లలుండే చోటు కాబట్టి వెంటనే చర్య తీసుకోవాలని మా పై అధికారి గట్టిగానే మాట్లాడాడు. పది రోజుల్లో ఆర్డరు వచ్చింది. అంత వేగంగా మా ఆఫీసు కదలడం నేనెప్పుడూ చూడలేదు. అంగన్‌వాడీని హైవే అవతల ఒక అద్దె గదిలోకి మార్చారు. డొంక గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఆర్డరులో డొంక లేదన్న కబురు నేనే తీసుకెళ్లాను. ఆయమ్మ అంగన్‌వాడీలో పలకలూ గిన్నెలూ గోతాల్లో సర్దుతోంది. విని, చేతులు తుడుచుకుంది.

"దుమ్మును కదిలిచ్చమంటే పిల్లల్ని కదిలిచ్చారా సారూ? పిల్లలు ఇందులో ఉండేది తొమ్మిదింటి నుంచి నాలుగింటి దాకా. అప్పుడు లారీలే రావు. లారీలు వచ్చే వేళకి వాళ్లు ఎక్కడ పడుకుని ఉంటారనుకున్నారు, ఆ మ్యాపు గీసినోళ్లు?"

ఆఫీసుకు తిరిగొచ్చి అదే మాట మా పై అధికారితో అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. "మ్యాపులో సెన్సిటివ్ పాయింట్ ఒకటే చూపించారయ్యా, అది తీసేశాం. ఇళ్లన్నీ పాయింట్లుగా పెట్టమని నువ్వు ముందే అడగాల్సింది. మళ్లీ మొదలుపెట్టాలంటే ఇంకో ప్రాజెక్టు. నువ్వు ఎల్లుండి కాదు అవతలెల్లుండి రిటైరవుతున్నావు. ప్రశాంతంగా పోవయ్యా" అని ఒక కాగితం నా ముందుకు తోశాడు. సమస్య పరిష్కరించబడినది, ఫైలు మూసివేయవచ్చును అని ఉంది దాని మీద.

రెండు రోజులు దాన్ని డ్రాయరులో పెట్టుకున్నాను. ఇద్దరు ముగ్గురితో గొడవపడ్డాను కూడా. మూడో రోజు మధ్యాహ్నం సన్మానానికి దండ తెచ్చారు, శాలువా తెచ్చారు, అన్ని ఫైళ్లూ అప్పగిస్తేనే రిలీవింగ్ ఆర్డరు ఇస్తామన్నారు. సంతకం పెట్టాను. ఎవరూ నా చేయి పట్టుకుని పెట్టించలేదు.

నెల కిందట నరసరావుపేటలో ఆసుపత్రి మెట్ల దగ్గర ఆయమ్మ కనిపించింది. పక్కన మనవరాలు, కాస్త పొడుగైంది, మెడ దగ్గర ఎముకలు ఊపిరికి పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఆయమ్మే ముందు పలకరించింది. బాగున్నావా సారూ అని, రిటైరయ్యావంట గదా అని, ఆరోగ్యం ఎట్టా ఉందని. నా మీద ఏ కోపమూ లేదు ఆమెకు. ఆ పెట్టెలు విప్పుకుపోయారంది. తర్వాత, చేతిలో ఉన్న మందుల చీటీ వెనక రాసుకుందామని పెన్ను అడిగి తీసుకుంది.

"లారీల సంగతి మళ్లీ మొదట్నుంచి అడుగుదామనుకుంటన్నాం సారూ. మీ తర్వాత ఆ కుర్చీలోకి ఎవురొచ్చారు? పేరు చెప్పు, పోయి కలుస్తాం."

ఆ కుర్చీలోకి ఎవరినీ వేయలేదు. ఆ మాట చెప్పలేక, పెన్నూ చీటీ తీసుకుని నా పేరూ, ఫోన్ నంబరూ రాసిచ్చాను.